గాయం లేకపోయినా పట్టుకునే కొక్కెం

రైలు కదిలేటప్పుడు ఒక కుదుపు ఉంటుందని తెలుసు కాబట్టి ఆమె ముందే ఊపిరి బిగబట్టి, ఒళ్ళో ఉన్న థర్మోకోల్ పెట్టెను రెండు అరచేతుల మీదికి ఎత్తి గాలిలో నిలిపింది. కుదుపు వచ్చింది, నడుములోంచి భుజాల్లోకి పాకింది, మోచేతుల దగ్గర ఆగిపోయింది, పెట్టెలోకి వెళ్ళలేదు, వెళ్ళి ఉండదు, వెళ్ళిందో లేదో తెలియాలంటే మూత తీయాలి, మూత తీయకూడదు. లోపల అరచేయంత ప్లాస్టిక్ ట్రే, ట్రేలో వరసగా చిన్న చిన్న గుంటలు, ప్రతి గుంట అడుగున కాస్త ఉప్పునీళ్ళు, పైన గ్రీజుతో అతికించిన పలుచని గాజు బిళ్ళ, ఆ బిళ్ళకు తలకిందులుగా వేలాడుతూ ఒక చుక్క. చుక్కలు అన్ని గుంటల్లోనూ ఉన్నాయి గానీ స్ఫటికాలున్నది ఒక్క చుక్కలోనే, పంచదార పలుకును వేళ్ళ మధ్య నలిపితే రాలే పొడిలా, కంటికి ఆనీ ఆనకుండా. గట్టిగా అదిరిందంటే చుక్క జారి కింది నీళ్ళలో పడిపోతుంది, ఆ తర్వాత వెతుక్కోవడానికి కూడా ఏమీ మిగలదు. అందరూ స్ఫటికాలను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి నిశ్చింతగా పార్సిల్ చేస్తారు, ఇవి మాత్రం అందులో ముంచీ ముంచగానే పగిలిపోతున్నాయి, పుట్టుకతోనే వీటికి ముక్కు మీద కోపం. అందుకే ఇలా పచ్చిగా, ఒళ్ళో పెట్టుకుని, గంట దూరంలో ఉన్న పెద్ద ఎక్స్-రే యంత్రం దగ్గరికి తీసుకెళ్ళడం. ప్రయోగశాల వాళ్ళు జీపు ఇస్తామన్నారు, ఆ రోడ్డు సంగతి తెలిసి రైలే ఎక్కింది. ఆ యంత్రం దగ్గర ఈ మధ్యాహ్నం ఆమె వంతు, ఇది జారిపోతే మళ్ళీ ఎప్పుడిస్తారో ఇచ్చేవాళ్ళకే తెలియాలి.

పక్కన కిటికీ దగ్గర చెల్లెలు. తోడు వస్తానని తనే అంది, తోడుకు అంత పెద్ద సంచి ఎందుకో ఆమె అడగలేదు, పెట్టె మీద ధ్యాసలో అడగడం మరిచిపోయింది. రైలు ఊరి చివరి షెడ్లు దాటి వేగం అందుకున్నాక, ఆ మాట చెప్పడానికి కూడా ఒక సమయం చూసుకున్నట్టు, కిటికీలోకి చూస్తూనే చెల్లెలు చెప్పింది.

"అక్కా, సాయంత్రం నేను నీతో తిరిగి రాను."

"అంటే?"

"అక్కడే ఉంటాను. గాజు పని చేసే చోట చేర్చుకున్నారు. రంగు గాజు. కిటికీలకు, తలుపులకు కోసి అమరుస్తారు. గది కూడా చూసుకున్నా."

కోసి, అన్న మాట ఒక్కటే ఆమె చెవిలో నిలిచింది. మిగిలినవన్నీ కిటికీలోంచి వెళ్ళిపోయాయి. ఈ భూమ్మీద ఇన్ని పనులుండగా, ముక్కు చీదితే రుమాలు రక్తంతో తడిసిపోయే పిల్లకు, చిగురు గీసుకుంటే పూట పూటంతా నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చునే పిల్లకు, గాజు దొరికింది. వద్దు అనాలి. వద్దు అంటే చాలు, చెల్లెలు వింటుంది, ఎప్పుడూ విన్నది, సైకిలు వద్దంటే మానేసింది, ఈత వద్దంటే మానేసింది, కుట్టు మిషను వద్దంటే సూది ఎక్కించిన దారం అలాగే వదిలేసి లేచింది, పిల్లిని పెంచుకునే విషయంలో ఒక్కదాంట్లోనే మొండికేసింది. దిగేలోపు ఆ ఒక్క మాట అనేస్తే సాయంత్రం ఇద్దరూ ఇదే రైల్లో ఇంటికి వెళ్ళిపోతారు. ఇప్పుడే అనాల్సింది, కానీ ఆ మాట అన్నప్పుడల్లా ఆమె చెల్లెలి మణికట్టు పట్టుకుంటుంది, అలవాటు, ఇప్పుడు రెండు చేతుల్లోనూ పెట్టె ఉంది, చేయి ఖాళీ లేకపోయేసరికి నోరు కూడా రాలేదు.

ఎదుటి సీటులో కళ్ళజోడు పెద్దాయన చాలాసేపటి నుంచీ పెట్టెనే చూస్తున్నాడు. చూసీ చూసీ ఆగలేక, "కేకా అమ్మా?" అన్నాడు. "అవునండీ, పుట్టినరోజు," అంది చెల్లెలు, కళ్ళు కూడా ఆర్పకుండా. అబద్ధం ఆడేటప్పుడు దానికి ఎక్కడ లేని మర్యాద వస్తుంది. పెద్దాయన సంతోషపడి కాళ్ళు దగ్గరికి లాక్కుని ఇంకాస్త చోటిచ్చాడు.

కరెంటు తీగలు కిటికీలో లేస్తున్నాయి, వంగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి, వాటి వెంట ఆమె చూపూ లేస్తూ వంగుతూ ఉంది. రాత్రి నిద్ర లేదు, నిద్ర లేని కళ్ళకు తీగలు తాళ్ళయ్యాయి, తాళ్ళు రక్తంలో తేలే పొడవాటి ప్రోటీను అయ్యాయి. మామూలు రోజుల్లో ఆ తాడు ఉండ చుట్టుకుని, ఎవరి జోలికీ పోకుండా రక్తంలో కొట్టుకుపోతూ ఉంటుంది. ఎక్కడైనా తెగితే ఆ తెగిన అంచుకు అతుక్కుని, ప్రవాహం లాగుతుంటే సాగి బారుగా పరుచుకుంటుంది. పక్కనుంచి రివ్వున వెళ్ళిపోతున్న ప్లేట్‌లెట్లు ఆ తాడును చూడగానే తమ ఒంటి మీదున్న కొక్కేలు తగిలించి ఆగుతాయి, ఒకదాని మీద ఒకటి పడతాయి, గాయం మూసుకుంటుంది. ఆ కొక్కేన్నే రిసెప్టర్ అంటారు, పేరు పొడవు, ఆమె చెల్లెలి దగ్గర ఎప్పుడూ కొక్కెమనే అంటుంది. కొడవలిలా వంగి ఉంటుంది, వంపు పక్కన ఒక చిన్న మెలిక, నిద్రపోతున్న పిల్లల చేయిలా వదులుగా వేలాడుతూ ఉంటుంది, తాడు వచ్చి తాకితేనే ఆ మెలిక బిగుసుకుని పట్టుకుంటుంది. చెల్లెలికి ఆ మెలికను రాసే జన్యువులో ఒక్క అక్షరం తేడా. అమ్మకూ అదే తేడా. ఆమెకు రాలేదు, ఎందుకు రాలేదంటే జవాబు లేదు, బొమ్మా బొరుసా అంతే.

చాలామంది కొక్కెం బలహీనంగా ఉండి రక్తం ఆగడం లేదనుకుంటారు. ఆమె కూడా చిన్నప్పుడు అలాగే అనుకుంది, బలానికి పాలు తాగించేది, దాని గ్లాసు తనే పట్టుకుని. అసలు సంగతి తిరగబడి ఉంది. ఈ కొక్కెం నిద్రపోదు. ఎక్కడా తెగకపోయినా, తాడు ఉండ చుట్టుకుని తన దారిన తాను పోతున్నా, తటాలున పట్టేసుకుంటుంది. ఊరికే పట్టుకుని, ఊరికే ముద్దలు కట్టి, ఆ ముద్దలను ఒళ్ళే ఊడ్చి పారేసి, చివరికి నిజంగా తెగిన రోజున తాడూ ఉండదు, ప్లేట్‌లెట్లూ ఉండవు. అమ్మ ఆపరేషన్ నాటికి ఆ ఆసుపత్రిలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. తాడే పాడయిందనుకున్నారు, తప్పు పట్టడానికి లేదు, రెండు జబ్బులూ పైకి ఒక్కలాగే ఉంటాయి. మంచి తాడు తెచ్చి ఎక్కించారు. తాడు మంచిదే, కొక్కేలే ఊరుకోలేదు, వచ్చిన తాడునంతా పట్టేసుకుని తామూ ఖర్చయిపోయాయి. అమ్మ పోయింది. తలుపు అవతల అక్కచెల్లెళ్ళిద్దరూ బెంచీ మీద కూర్చుని ఉన్నారు, చెల్లెలి మణికట్టు ఆమె చేతిలో ఉంది, అప్పుడు పట్టుకున్న చేయి తర్వాత ఎప్పుడు వదిలిందో ఆమెకు గుర్తు లేదు.

అమ్మకు ముక్కు పట్టుకుని రక్తం ఆపడం వచ్చు, అదొక విద్య. ఎముక కింద మెత్తగా ఉండే చోట రెండు వేళ్ళు, తల ముందుకి, వెనక్కి కాదు, వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి పోతుంది. నోటితో ఊపిరి. తీసి చూడకు, అనేది అమ్మ, ఆగిందో లేదో అని తీసి చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. బళ్ళో పిల్లలు చెల్లెలికి టమాటా అని పేరు పెట్టారు, చొక్కా ముందంతా ఎర్రగా చేసుకుని వచ్చేదని. చెల్లెలు ఏడవలేదు సరికదా ఆ పేరు బాగుందని పుస్తకాల మీద కూడా రాసుకుంది. ఏడ్చింది ఆమె. బడి గోడ పక్కన నిలబడి, ఎవడు పెట్టాడో వాడి పని పడదామనుకుని, తీరా పని పట్టే ధైర్యం లేక ఏడ్చింది. ఆ కసి అంతా తర్వాత చదువు మీద చూపించింది.

పెట్టె వెచ్చబడుతోందా, లేదు, తన చేతులే వెచ్చబడ్డాయి. ఎన్నో వేల చుక్కలు పెట్టింది. కొక్కేన్ని ప్రయోగశాలలో పెంచే పురుగు కణాల చేత చేయించి, ఆ పసుపు పులుసులోంచి వడగట్టి, కడిగి, మళ్ళీ వడగట్టి, మిగిలిన చిటికెడుతో చుక్కలు, ఆ చుక్కల్లో స్ఫటికాలు మొలిస్తే ఎక్స్-రేలో కొక్కెం ఆకారం తెలుస్తుంది. నా కొక్కేన్ని పురుగుల చేత చేయిస్తావా, నేనుండగా వాటికెందుకు శ్రమ, అంది చెల్లెలు. చూస్తే ఏమవుతుంది అక్కా, అంది ఇంకోసారి. మెలిక ముందే బిగుసుకుని ఉందో లేదో తెలుస్తుంది, ఇంకెవరి ఇళ్ళ కొక్కేలనో ఎవరెవరో చూశారు, మన ఇంటి అక్షరం వేరు. తెలిస్తే? మందు రావచ్చు, రాకపోవచ్చు. అసలు జవాబు అది కాదని ఇద్దరికీ తెలుసు. అమ్మను తీసుకుపోయినదాని ముఖం ఒక్కసారి తేరిపార చూడాలి, అంతే.

మొదటిసారి స్ఫటికాలు వచ్చినప్పుడు ఎంత పండగ చేసుకున్నారు. సూది మొనలా మెరిసేవి, ప్రయోగశాల పెద్దాయన తన డబ్బుతో కేకు తెప్పించాడు, అందరూ తిన్నాక, మూతులు తుడుచుకున్నాక, ఆమె సన్నటి సూదితో ఒకదాన్ని పొడిచి చూసింది. టక్‌మంది. ప్రోటీన్ స్ఫటికం టక్‌మనదు, మెత్తగా వెన్నలా అణిగిపోతుంది, టక్‌మనేది ఉప్పు. ఉప్పుకు పుట్టినరోజు చేశామన్నమాట, అని పెద్దాయన ఖాళీ డబ్బా మడిచాడు. ఆ తర్వాత నుంచి ఆమె కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసింది, పొద్దున వచ్చి ట్రేలు తీసి మైక్రోస్కోపు కింద పెట్టేది, మధ్యాహ్నం తీసేది, ఇంటికి వెళ్ళే ముందు చెప్పులు వేసుకున్నాక కూడా వెనక్కి వచ్చి తీసేది. అన్నిసార్లు కదిపితే అవి కూడబెట్టుకోలేవమ్మా, వాటి మానాన వాటిని ఉండనీ, అనేవాడు పెద్దాయన. వినేది, తల ఊపేది, ఆయన అటు వెళ్ళగానే తీసేది.

పిల్లి మీసం చెల్లెలి పని. స్ఫటికాలు తమంతట తాము రానప్పుడు, వచ్చి పాడైన ముక్కలను ఒక వెంట్రుకతో తాకి, ఆ వెంట్రుకతో కొత్త చుక్కలో గీత గీస్తే, ఆ గీత పొడవునా కొత్తవి మొలుస్తాయి, విత్తనం నాటినట్టు. దానికి పిల్లి మీసాన్ని మించింది లేదు, చివరకు వెళ్ళేకొద్దీ సన్నగిల్లుతుంది, ఒక గీతకు కావలసినంతే మోస్తుంది. వద్దన్న పిల్లే పనికొచ్చింది. అది సోఫా మీద రాల్చిన మీసాలను చెల్లెలు ఏరి అగ్గిపెట్టెలో దాచి, బంగారం తూచి ఇచ్చినట్టు ఒక్కొక్కటే ఇచ్చేది. అలా గీసిన ట్రేలలో ఒకటి, చెల్లెలికి జ్ఞానదంతం తీసిన వారంలో, హడావిడిలో అల్మరా లోపలికి తోసేసి ఆమె పూర్తిగా మరిచిపోయింది. దవడ వాచి, నోరు తెరవలేక, గిన్నెలోకి ఉమ్ముతున్న చెల్లెలి పక్కన కూర్చుని దాని నుదురు పట్టుకుని ఉన్న ఆ రోజులన్నీ, ఎవరూ తీయని ఆ చీకట్లో, ఎవరూ కదపని ఆ చుక్కలో, అవి వాటి మానాన అవి పెరిగాయి. దొరికిన రోజు సూదితో పొడవడానికి చేయి రాలేదు. పక్క చుక్కను బలిపెట్టి అందులో నీలం రంగు వేసి చూసింది, అక్కడి చిన్న చిన్న ముక్కలు నీలాన్ని లోపలికి తాగాయి, ఉప్పు తాగదు.

రైలు ఏదో ఫ్యాక్టరీ గోడ పక్కన నెమ్మదించింది, గోడ నీడ చల్లగా బోగీలోకి వచ్చింది, ఆమె రెప్పలు వాలాయి. వాలిన రెప్పల వెనక ఎర్రటి వెలుగు, ఎర్రటి నది, నదిలో ఆమె కూడా పోతోంది, చేతులు ముందుకి చాచి. చుట్టూ అందరూ వదులుగా, ఎవరి దారిన వాళ్ళు తేలుతూ పోతున్నారు, ఎవరి ఒంటి మీదా గాయం లేదు, ఎవరూ పిలవడం లేదు, అయినా ఆమె చేతికందిన వాళ్ళనల్లా పట్టుకుంటోంది, పట్టుకున్న చోట నీలంగా మచ్చ తేలుతోంది, నాలుగు వేళ్ళ మచ్చ. ఆ మచ్చ ఆమెకు తెలుసు. రోడ్డు దాటుతుంటే ఎక్కడో దూరంగా సైకిలు గంట వినపడిందని చెల్లెలి మణికట్టు లాగి పట్టుకుంది ఒకసారి. సైకిలు అటు నుంచి అటే పోయింది. తర్వాత చాలా రోజులు చెల్లెలి చేతి మీద నాలుగు వేళ్ళూ అచ్చు వేసినట్టు, ముందు ఎర్రగా, ఆపైన నీలంగా, ఆకుపచ్చగా, పసుపుగా. నీ ఫొటో నా చేతి మీద వేశావు, అని చెల్లెలు నవ్వింది. ఆమె నవ్వలేదు, ఆయింట్‌మెంట్ తెచ్చింది, రాయడానికి మళ్ళీ ఆ మణికట్టునే పట్టుకుంది.

కళ్ళు తెరిచింది. పెట్టె చేతుల్లోనే ఉంది. చెల్లెలు ముందుకి వంగి ఉంది.

ముందుకి వంగి, మోచేయి మోకాలి మీద ఆనించి, రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని ఉంది. పెదవి మీద ఒక ఎర్రటి చార, ఒళ్ళో రుమాలు మీద ఇంకా పెద్ద మరక. ఎంతసేపయిందో తెలియదు, లేపలేదు. పెట్టె ఎదుటి పెద్దాయన చేతిలో పెట్టేయాలి, కాదు, సీటు మీద పెట్టాలి, సీటు అదురుతోంది, కింద పెట్టాలి, పోతే పోయింది, ఎక్కడో ఒకచోట, చేతులు కావాలి, ముందు చేతులు కావాలి. పెట్టె సీటు మీదికి ఒరిగింది. చెల్లెలు రెండో చేయి చాచి ఆ పెట్టె అంచును నిలబెట్టింది.

"పెట్టె వదలకు," అంది, ముక్కు మూసుకున్న గొంతుతో, చిన్నప్పటి గొంతులాగే ఉంది. "నాకు చేతులున్నాయి."

"నేను పట్టుకుంటా. నీకు సరిగ్గా…"

"సరిగ్గానే పట్టుకున్నా. చూడు."

చూసింది. ఎముక కింద, మెత్తగా ఉండే చోట. తల ముందుకి. నోటితో ఊపిరి. అమ్మ వేళ్ళు ఎక్కడుండేవో సరిగ్గా అక్కడే. పెద్దాయన కంగారుగా లేచి, తల వెనక్కి వాల్చమ్మా, అన్నాడు, వెనక్కి వాల్చకూడదండీ, అని అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి అన్నారు, ఆయన కూర్చుని తన రుమాలు తీసి చేతిలో సిద్ధంగా పట్టుకున్నాడు. ఇంక చేయడానికి ఏమీ లేదు. చేయడానికేమీ లేకుండా చెల్లెలి రక్తం పక్కన ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఆగిందా అని అడగాలని నోటిదాకా వచ్చింది, మింగేసింది. ఒక్కసారి తీసి చూడవే, అనాలనిపించింది, ఆ మాట ఎంత వెర్రిదో ఎవరికి తెలియకపోయినా ఆమెకు తెలుసు. పట్టాలు మారే చోట రైలు దడదడలాడింది, ఆమె పెట్టెను పైకెత్తింది, చెల్లెలు వేళ్ళు సడలించలేదు, ఇద్దరూ ఎవరిది వాళ్ళు పట్టుకుని ఆ దడదడను దాటారు. భయం వేసింది. ఆసుపత్రి బెంచీ మీది భయం, అమ్మ తలుపు అవతల ఉన్నప్పటిది, ఇన్నేళ్ళూ చేతిలో మణికట్టు ఉండబట్టి పైకి రానిది. రానిచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేక నీళ్ళు చెంపల మీదుగా కారి గడ్డం దగ్గర ఆగాయి, చెల్లెలు చూసింది, కిటికీలో ఇళ్ళు దగ్గర దగ్గరగా రావడం మొదలైంది.

రైలు నెమ్మదిస్తుండగా చెల్లెలు, ఎవరినీ అడగకుండా, తనకు తోచిన క్షణాన వేళ్ళు తీసింది. రక్తం రాలేదు. పెద్దాయన రుమాలు తీసుకుని, సీసాలో నీళ్ళు పోసి తడిపి, మూతీ చేతులూ శుభ్రంగా తుడుచుకుంది.

"చుక్క ఉందా?" అంది పెట్టెను చూపించి.

"తెలీదు. తీసి చూడకూడదు. అక్కడికి వెళ్ళాకే."

"ఉంటుందిలే."

ఆమె గాజు సంగతి ఎత్తింది. ఎత్తాలనుకోలేదు, నోరు ఊరుకోలేదు. "చేతులకు తొడుగులు ఇస్తారా?"

"ఇస్తారు."

"తోలువేనా? లేక ఆ పలచటివా?"

"అక్కా."

"ఊరికే అడిగా."

"పిల్లిని నీ దగ్గరే ఉంచుకో," అంది చెల్లెలు. "మీసాలు నీకే కదా కావాల్సింది. ఏరడం నేర్చుకో, సోఫా కింద కూడా చూడాలి."

రైలు ఆగేటప్పుడు కూడా ఒక కుదుపు ఉంటుంది. ఆమె పెట్టెను ఎత్తి నిలిపింది, రైలు ఆగింది. పుట్టినరోజు ఎవరిదైనా సరే దీవెనలు, అన్నాడు పెద్దాయన, తలుపు దగ్గర జనం సర్దుకునేదాకా ముగ్గురూ కూర్చున్నారు. ప్లాట్‌ఫాం ఇక్కడ బాగా కింద ఉంది, మెట్లు నిటారు, పెట్టెతో దిగడం కష్టం, ముందు ఒకరు దిగి అందుకోవాలి, లేదా నిద్ర లేని ఈ కాళ్ళ కంటే స్థిరమైన కాళ్ళు కావాలి. ఇన్ని నెలల్లో ఆ ట్రేను ఆమె తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు, ప్రయోగశాల పెద్దాయనను కూడా ముట్టుకోనివ్వలేదు. వద్దు అన్న మాట గంట నుంచీ నాలుక మీద సిద్ధంగానే ఉంది.

"ఇది నువ్వు పట్టుకో," అంది.

చెల్లెలు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, ఒళ్ళోంచి పసిబిడ్డను అందుకున్నట్టు కింద నుంచి చేతులు పెట్టి అందుకుంది, మట్టంగా, ఏ పక్కకూ ఒరగకుండా. తలుపు దాకా నడిచింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు ఆమె చేయి దానంతటదే చెల్లెలి మోచేతి వైపు వెళ్ళింది, సగంలో ఆగింది, అక్కడే గాలిలో, వేళ్ళు విప్పుకుని, వదులుగా ఉండిపోయింది. చెల్లెలు ఒక మెట్టు దిగింది, ఇంకో మెట్టు దిగింది, నేల మీద నిలబడింది. ఆమె ఆ చేత్తోనే చెల్లెలి బట్టల సంచి భుజానికి తగిలించుకుని వెనకే దిగింది.